జార్జ్ హారిసన్

జార్జ్ హారిసన్ (ఫిబ్రవరి 25, 1943 - నవంబరు 29, 2001) ప్రముఖ ఆంగ్లేయ గిటారు వాద్యకారుడు, గాయకుడు, గేయ రచయిత, సంగీత నిర్మాత. ప్రపంచ ప్రసిద్ధి పొందిన బీటిల్స్ రాక్ సంగీత బృందంలోని నలుగురు సభ్యులలో ఇతడు వయసులో అందరికంటే చిన్నవాడు. భారతీయ సంగీతాన్ని, ముఖ్యంగా సితారును, పాశ్చాత్య యువతరానికి పరిచయం చేసినవారిలో ముఖ్యుడు. బీటిల్స్ బృందం విడిపోయిన 1970వ సంవత్సరంలోనే ఇతడు "ఆల్ థింగ్స్ మస్ట్ పాస్" (అన్నీ గతించిపోవలసినవే అని అర్థం) అనే మూడు రికార్డుల ఆల్బమ్‌ను వెలువరించాడు. బృందంలో ఉండగా చోటు దొరకక మిగిలిపోయిన పాటలు ఈ ఆల్బమ్‌లో అధికంగా ఉన్నాయి. అంతవరకు జాన్ లెనన్, పాల్ మెక్‌కార్ట్నీల వెనుక నిలిచిన గిటారు వాద్యకారుడిగా పేరున్న హారిసన్, దీనితో స్వతంత్ర గేయకర్తగా గుర్తింపు పొందాడు.

బాల్యం

హారిసన్ ఇంగ్లాండులోని లివర్‌పూల్ నగరంలో, వేవర్‌ట్రీ ప్రాంతంలోని ఒక చిన్న ఇంటిలో జన్మించాడు. తండ్రి హెరాల్డ్ బస్సు కండక్టరు. తల్లి లూయీస్ దుకాణంలో పనిచేసేది. నలుగురు సంతానంలో ఇతడు చివరివాడు. చదువు మీద ఆసక్తి తక్కువ. పదమూడేళ్ళ వయసులో గిటారు పట్టుకున్నప్పటినుండి అదే లోకమైపోయింది. కుమారుని సంగీతాభిలాషను తల్లి మొదటినుండి ప్రోత్సహించింది.

లివర్‌పూల్ ఇన్‌స్టిట్యూట్ అనే పాఠశాలకు బస్సులో వెళ్ళివచ్చే రోజులలో, అదే పాఠశాలలో పై తరగతి చదువుతున్న పాల్ మెక్‌కార్ట్నీతో పరిచయం కలిగింది. మెక్‌కార్ట్నీ ద్వారా 1958లో జాన్ లెనన్ నడుపుతున్న క్వారీమెన్ బృందంలో చేరాడు. తరువాత ఈ బృందమే బీటిల్స్‌గా మారింది. 1960లో బృందం జర్మనీలోని హాంబర్గ్ నగరానికి వెళ్ళి రాత్రి క్లబ్బులలో వాయించేది. హారిసన్‌కు అప్పటికి పద్దెనిమిదేళ్ళు నిండలేదని తెలియడంతో, ఆ ఏడాది నవంబరులో అధికారులు ఇతనిని స్వదేశానికి పంపివేశారు. 1962లో డ్రమ్స్ వాద్యకారుడు రింగో స్టార్ చేరికతో బృందానికి స్థిరమైన రూపం ఏర్పడింది.

బీటిల్స్‌లో హారిసన్ స్థానం

బీటిల్స్ పాటలలో అత్యధిక భాగం లెనన్, మెక్‌కార్ట్నీలు రచించినవి. వీరిద్దరూ బృందం ఏర్పడక ముందునుండే కలిసి పాటలు కట్టేవారు. హారిసన్ ఆలస్యంగా రచన ప్రారంభించాడు. ఇతని తొలి పాట "డోంట్ బాదర్ మీ" 1963లో వెలువడింది. అప్పటినుండి ఒక్కొక్క ఆల్బమ్‌లో సాధారణంగా ఒకటి లేదా రెండు పాటలు మాత్రమే హారిసన్ వంతుకు వచ్చేవి. 1966 నాటి "రివాల్వర్" ఆల్బమ్‌లో మూడు పాటలకు, 1968లో వచ్చిన రెండు రికార్డుల ఆల్బమ్‌లో నాలుగు పాటలకు చోటు దొరికింది. బృందం విడిపోయేనాటికి బీటిల్స్ పేరుతో వెలువడిన హారిసన్ రచనలు మొత్తం ఇరవై రెండు.

రచయితగా అతని స్థాయి పెరిగినా ఈ వాటా పెద్దగా పెరగలేదు. 1969లో వెలువడిన "ఆబీ రోడ్" ఆల్బమ్‌లోని "సమ్‌థింగ్", "హియర్ కమ్స్ ద సన్" అనే రెండు పాటలూ ఇతనివే. ఇవి బీటిల్స్ ఉత్తమ గీతాలలో లెక్కకు వస్తాయి. బృందం విడుదల చేసిన సింగిల్ రికార్డులలో మొదటివైపు స్థానం పొందిన తొలి హారిసన్ రచన "సమ్‌థింగ్". అయితే అప్పటికి బృందం చివరి దశకు చేరుకున్నది.

భారతీయ సంగీతం, ఆధ్యాత్మికత

1965లో "హెల్ప్!" చలనచిత్రం చిత్రీకరణ సమయంలో హారిసన్ తొలిసారి సితారును చేతబట్టాడు. అదే సంవత్సరం "నార్వేజియన్ వుడ్" పాటలో దానిని వాయించాడు. 1966 జూన్‌లో లండన్‌లో పండిట్ రవిశంకర్‌తో పరిచయమైంది. ఆ సెప్టెంబరులో భారతదేశం వచ్చి, బొంబాయిలోను, కాశ్మీరులోను రవిశంకర్ వద్ద శిష్యరికం చేశాడు. సితారు విద్వాంసుడు కావడానికి తన జీవితకాలం చాలదని గ్రహించి తరువాత మళ్ళీ గిటారుకే మరలినా, గురువుతో అనుబంధం చివరివరకు కొనసాగింది.

1968 జనవరిలో "వండర్‌వాల్" అనే చిత్రానికి సంగీతం సమకూర్చడానికి మళ్ళీ బొంబాయి వచ్చి, స్థానిక విద్వాంసులతో కొంత భాగం రికార్డు చేశాడు. ఆ సంవత్సరం వెలువడిన ఈ వాద్య సంగీతపు ఆల్బమ్, బీటిల్స్ సభ్యులలో ఒకరు విడిగా వెలువరించిన మొదటి ఆల్బమ్. 1968 ఫిబ్రవరిలో బృంద సభ్యులతో కలిసి ఋషీకేశ్‌లోని మహర్షి మహేశ్ యోగి ఆశ్రమానికి వెళ్ళాడు. 1969లో లండన్‌లోని రాధాకృష్ణ మందిరం భక్తులు పాడిన "హరే కృష్ణ" మంత్రాన్ని తన నిర్మాణంలో రికార్డుగా వెలువరించాడు. బ్రిటన్‌లో ఆ రికార్డు మొదటి ఇరవై స్థానాలలోకి చేరింది.

పక్కన పడిన పాటలు

హారిసన్ వద్ద పాటలు పేరుకుపోవడం 1966 నుండే మొదలైంది. "ఇజింట్ ఇట్ ఎ పిటీ", "ఆర్ట్ ఆఫ్ డైయింగ్" ఆనాటి రచనలే. మొదటిదానిని బీటిల్స్ బృందం స్వీకరించలేదు.

1968 చివరలో హారిసన్ అమెరికాలోని వుడ్‌స్టాక్‌కు వెళ్ళి బాబ్ డిలన్‌తోను, ద బ్యాండ్ అనే బృందంతోను కొన్నాళ్ళు గడిపాడు. డిలన్‌తో కలిసి "ఐడ్ హావ్ యూ ఎనీటైమ్" అనే పాట రచించాడు. అక్కడి వాద్యకారులు ఒకరినొకరు సమానంగా గౌరవించుకొనే తీరు ఇతనికి ఎంతో నచ్చింది.

1969 జనవరిలో లండన్‌లోని ట్వికెన్‌హామ్ స్టూడియోలో బీటిల్స్ కొత్త పాటల సాధన ప్రారంభించారు. ఈ సాధనను చలనచిత్రంగా తీస్తూ ఉండగా, హారిసన్ "ఆల్ థింగ్స్ మస్ట్ పాస్", "లెట్ ఇట్ డౌన్", "హియర్ మీ లార్డ్" మొదలైన పాటలను బృందానికి వినిపించాడు. "ఆల్ థింగ్స్ మస్ట్ పాస్"ను పలుమార్లు సాధన చేసి కూడా చివరకు వదిలివేశారు. జనవరి 10న హారిసన్ బృందాన్ని విడిచి వెళ్ళిపోయాడు. ఆ రోజే ఇంటిలో కూర్చుని "వా-వా" అనే పాట వ్రాశాడు. సుమారు పది రోజుల తరువాత తిరిగి వచ్చాడు గాని, ఆ పాటలు మాత్రం పక్కనే ఉండిపోయాయి. ఫిబ్రవరి 25న, తన ఇరవై ఆరవ పుట్టినరోజున, ఒంటరిగా స్టూడియోకు వెళ్ళి "ఆల్ థింగ్స్ మస్ట్ పాస్"తో సహా మూడు పాటలను నమూనాగా రికార్డు చేసుకున్నాడు.

బృందపు వ్యాపార సంస్థ ఆపిల్‌లో తలెత్తిన తగాదాలు "రన్ ఆఫ్ ద మిల్" పాటకు ప్రేరణ అయ్యాయి. 1969 డిసెంబరులో డెలనీ అండ్ బోనీ అనే అమెరికన్ బృందంతో కలిసి ఐరోపాలో కచేరీలు చేస్తూ, కోపెన్‌హాగన్‌లో "మై స్వీట్ లార్డ్" రచన ప్రారంభించాడు. వేలికి గొట్టం తొడిగి తీగల మీద జారుస్తూ వాయించే స్లైడ్ గిటారు పద్ధతిని సాధన చేసినది కూడా ఈ పర్యటనలోనే. తరువాత ఇతని వాద్యానికి ఇదే గుర్తుగా నిలిచింది.

ఆల్బమ్ తయారీ

1970 ఏప్రిల్ 10న మెక్‌కార్ట్నీ బృందాన్ని వీడుతున్నట్లు లోకానికి తెలిసింది. అప్పటికి కొద్ది నెలల ముందు హారిసన్ హెన్లీ పట్టణంలోని ఫ్రయర్ పార్క్ అనే పాత భవంతిని కొనుగోలు చేశాడు. సుమారు 120 గదులు గల ఈ భవంతిని పందొమ్మిదవ శతాబ్ది చివరలో సర్ ఫ్రాంక్ క్రిస్ప్ అనే న్యాయవాది తన అభిరుచికి తగినట్లు తీర్చిదిద్దాడు. ఆయన స్మృతికి అంకితంగా హారిసన్ వ్రాసిన పాట ఒకటి కూడా ఈ ఆల్బమ్‌లో ఉన్నది.

నిర్మాణంలో సహకరించడానికి అమెరికన్ నిర్మాత ఫిల్ స్పెక్టర్‌ను హారిసన్ ఎంచుకున్నాడు. ఆ జనవరిలోనే లెనన్ పాట "ఇన్‌స్టంట్ కర్మ!" రికార్డింగులో ఇద్దరూ కలిసి పనిచేశారు. అనేక వాద్యాలను ఒకే గదిలో ఒకేసారి వాయింపజేసి, ప్రతిధ్వనితో కలగలిపి, శబ్దాన్ని గోడలా నిలబెట్టడం స్పెక్టర్ పద్ధతి. ఇది "వాల్ ఆఫ్ సౌండ్"గా ప్రసిద్ధి పొందింది.

మే 26, 27 తేదీలలో లండన్‌లోని ఆబీ రోడ్‌లో ఉన్న ఇ.ఎం.ఐ. స్టూడియోలో హారిసన్ తన పాటల నిధిని బయటపెట్టాడు. మొదటి రోజు రింగో స్టార్, క్లాస్ వోర్మన్‌లతో కలిసి పదిహేను పాటలను, రెండవ రోజు స్పెక్టర్ వినడానికై తానొక్కడే గిటారు వాయిస్తూ మరో పదిహేను పాటలను రికార్డు చేశాడు. రెండు రోజులలో వినిపించిన ఈ ముప్పై పాటలు, ఎనిమిదేళ్ళలో బీటిల్స్ రికార్డులలో ఇతనికి దొరికిన చోటుకంటే ఎక్కువ.

తరువాతి రికార్డింగులలో పెద్ద సంఖ్యలో వాద్యకారులు పాల్గొన్నారు. వీరిలో ముఖ్యులు ఎరిక్ క్లాప్టన్, బిల్లీ ప్రెస్టన్, గ్యారీ రైట్, బాబీ విట్‌లాక్, కార్ల్ రేడిల్, జిమ్ గోర్డన్. బ్యాడ్‌ఫింగర్ బృందం వారు గిటార్లతో లయను నింపారు. బాబీ కీస్, జిమ్ ప్రైస్‌లు ఊదు వాద్యాలు వాయించారు. పీట్ డ్రేక్ అమెరికాలోని నాష్‌విల్ నుండి వచ్చి పెడల్ స్టీల్ గిటారు వాయించాడు. తీగ వాద్యాల కూర్పు జాన్ బార్హమ్‌ది. క్లాప్టన్ స్థాపించిన డెరెక్ అండ్ ద డామినోస్ బృందం ఈ రికార్డింగుల సమయంలోనే రూపుదిద్దుకున్నది.

మొదట చేపట్టిన పాటలలో "వా-వా" ఒకటి. గదిలో వాయిస్తున్నప్పుడు ఎంతో బాగా వినిపించిన సంగీతం, టేపు మీద ప్రతిధ్వనితో కిక్కిరిసి ఉండడం హారిసన్‌కు రుచించలేదు. అయినా తరువాత ఆ పద్ధతినే చాలావరకు అంగీకరించాడు. ఈ అసంతృప్తి మాత్రం మిగిలిపోయింది. ముప్పై ఏళ్ళ తరువాత ఆల్బమ్‌ను పునర్విడుదల చేసినప్పుడు కూడా ప్రతిధ్వని ఎక్కువైందనే అతను అభిప్రాయపడ్డాడు.

ఆ వేసవి హారిసన్‌కు వ్యక్తిగతంగా కష్టకాలం. క్యాన్సరుతో బాధపడుతున్న తల్లిని చూడడానికి రికార్డింగుల మధ్యలో స్వస్థలానికి వెళ్ళి వస్తూ ఉండేవాడు. జూలై 7న ఆమె మరణించింది. తొలి గిటారు నాటినుండి తనకు అండగా నిలిచిన తల్లి, తన పాటలన్నీ ఒకచోట చేరిన రికార్డును చూడలేకపోయింది. ఆసుపత్రిలో గడిపిన ఆ రోజుల అనుభవం నుండి "డీప్ బ్లూ" అనే పాట పుట్టింది. ఇది 1971లో వేరొక రికార్డులో వెలువడింది.

స్పెక్టర్ మద్యపానం వల్ల, చేయి విరగడం వల్ల చాలాకాలం పనికి దూరంగా ఉన్నాడు. కాబట్టి పాటల తొలి రూపాలు సిద్ధమైన తరువాత మిగిలిన పనిలో అధికభాగం హారిసన్ మీదనే పడింది. ఆగస్టు 19న స్పెక్టర్ ఒక్కొక్క పాటకు చేయవలసిన మార్పులను సూచిస్తూ వివరమైన లేఖ వ్రాశాడు. ఇ.ఎం.ఐ. స్టూడియోలో ఎనిమిది ట్రాకుల యంత్రం మీద రికార్డయిన పాటలను ట్రైడెంట్ స్టూడియోలోని పదహారు ట్రాకుల యంత్రానికి మార్చి, వాటిపై గాత్రాలను, స్లైడ్ గిటారును, తీగ వాద్యాలను చేర్చారు. ఆబీ రోడ్‌లో ఫిల్ మెక్‌డొనాల్డ్, ట్రైడెంట్‌లో కెన్ స్కాట్ సౌండ్ ఇంజనీర్లుగా పనిచేశారు. వంతపాటలో వినిపించే జనసమూహపు గొంతులు హారిసన్ ఒక్కడివే. తన గొంతునే మళ్ళీ మళ్ళీ రికార్డు చేసి, ఒకదానిపై ఒకటి పేర్చి, దానికి "జార్జ్ ఒహారా-స్మిత్ గాయకులు" అని సరదాగా పేరు పెట్టాడు. పని అక్టోబరులో ముగిసింది.

ఆల్బమ్ స్వరూపం

ఆల్బమ్‌లో మొత్తం ఇరవై మూడు అంశాలు ఉన్నాయి. మొదటి రెండు రికార్డులలో పద్దెనిమిది పాటలు ఉండగా, "ఇజింట్ ఇట్ ఎ పిటీ" రెండు వేర్వేరు రూపాలలో కనిపిస్తుంది. "ఇఫ్ నాట్ ఫర్ యూ" బాబ్ డిలన్ రచన. "ఆపిల్ జామ్" అనే మూడవ రికార్డులో, వాద్యకారులు విరామ సమయాలలో అప్పటికప్పుడు అల్లుకొని వాయించిన సంగీతం ప్రధానంగా ఉన్నది.

పాటలలో దైవచింతన, మరణం, స్నేహభంగం, లోకపు అనిత్యత్వం ప్రధాన విషయాలు. శీర్షిక గీతానికి, చైనా దేశపు ప్రాచీన గ్రంథం "తావో తే చింగ్" ఆధారంగా తిమోతీ లియరీ వ్రాసిన కవిత ప్రేరణ. "బివేర్ ఆఫ్ డార్క్‌నెస్" మాయను గురించి హెచ్చరిస్తుంది. "మై స్వీట్ లార్డ్" భగవంతుని దర్శనం కోరే భక్తుని ఆర్తి. దీని వంతపాటలో క్రైస్తవుల "హల్లెలూయా" క్రమంగా "హరే కృష్ణ" నామంగా మారి, ఆపై తెలుగువారికి చిరపరిచితమైన గురుస్తుతి శ్లోకం కూడా వినిపిస్తుంది. ఈ పాటను హారిసన్ మొదట బిల్లీ ప్రెస్టన్‌కు ఇచ్చాడు. ప్రెస్టన్ రికార్డు 1970 సెప్టెంబరులోనే వెలువడింది.

మూడు రికార్డులనూ మూత గల పెట్టెలో ఉంచి, హారిసన్ పెద్ద చిత్రపటంతో సహా విక్రయించారు. బ్యారీ ఫైన్‌స్టీన్ తీసిన ముఖచిత్రంలో, ఫ్రయర్ పార్క్ పచ్చికలో హారిసన్ ఒంటరిగా కూర్చుని ఉండగా చుట్టూ నాలుగు మరుగుజ్జు బొమ్మలు పడి ఉంటాయి. ఇవి బీటిల్స్ నలుగురికి సంకేతమని వ్యాఖ్యాతలు భావించారు.

విడుదల, ఆదరణ

ఆల్బమ్ 1970 నవంబరు 27న అమెరికాలో విడుదలైంది. మూడు రికార్డుల పెట్టె ఖరీదైనదే అయినా 1971 జనవరి నుండి ఏడు వారాలు బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానంలో నిలిచింది. "మై స్వీట్ లార్డ్" సింగిల్ రికార్డు అమెరికా, బ్రిటన్ రెండింటిలోను మొదటి స్థానం పొందింది. బృందం విడిపోయిన తరువాత ఈ ఘనత సాధించిన మొదటి బీటిల్స్ సభ్యుడు హారిసన్. బృందపు భాగస్వామ్యాన్ని రద్దు చేయాలని మెక్‌కార్ట్నీ 1970 డిసెంబరు 31న న్యాయస్థానానికి వెళ్ళాడు. ఆ వ్యవహారం వార్తలలో నిలిచిన వారాలలోనే ఈ పాట రేడియోలలో మారుమ్రోగింది.

బ్రిటన్‌లో 1971 ఆరంభంలో జరిగిన తపాలా సమ్మె వల్ల అమ్మకాల లెక్కలు సక్రమంగా అందలేదు. అందువల్ల ఆల్బమ్ నాలుగవ స్థానం వరకే చేరినట్లు చాలాకాలం నమోదై ఉన్నది. 2006లో ఆ లెక్కలను సవరించి మొదటి స్థానం ఇచ్చారు. అప్పటికి హారిసన్ మరణించి ఐదేళ్ళు కావస్తున్నది.

"మై స్వీట్ లార్డ్" వ్యాజ్యం

ఇతనికి అత్యధిక కీర్తి తెచ్చిన పాటే పెద్ద చిక్కునూ తెచ్చింది. ఈ పాట బాణీ, షిఫాన్స్ అనే అమెరికన్ బృందం 1963లో పాడిన "హీజ్ సో ఫైన్" బాణీని పోలి ఉన్నదని, దాని హక్కులు గల బ్రైట్ ట్యూన్స్ సంస్థ 1971లో దావా వేసింది. "హీజ్ సో ఫైన్" రచయిత రానీ మాక్ అప్పటికే మరణించాడు. 1976లో న్యూయార్కు న్యాయమూర్తి రిచర్డ్ ఓవెన్ తీర్పు చెప్పాడు. హారిసన్ బుద్ధిపూర్వకంగా అపహరించలేదని, అయితే విన్న పాట మనసు లోతుల్లో నిలిచి తెలియకుండానే బయటపడిందని, అదీ హక్కుల ఉల్లంఘనేనని ఆ తీర్పు సారాంశం. సంగీత హక్కుల చట్టంలో ఇది నేటికీ ఉదహరించబడే తీర్పు.

మొదట హారిసన్ పక్షాన రాజీ ప్రయత్నాలు చేసిన అతని మేనేజరు అలెన్ క్లైన్, ఆ పదవి నుండి తొలగిన తరువాత 1978లో బ్రైట్ ట్యూన్స్ హక్కులను 5,87,000 డాలర్లకు స్వయంగా కొన్నాడు. నష్టపరిహారం సుమారు 16 లక్షల డాలర్లుగా లెక్కతేలినా, క్లైన్ ఈ విధంగా లాభపడరాదని భావించిన న్యాయస్థానం, అతను చెల్లించిన మొత్తమే ఇచ్చి ఆ హక్కులను హారిసన్ పొందవచ్చునని 1981లో నిర్ణయించింది. మిగిలిన వివాదాలు 1990ల వరకు సాగాయి. ఈ అనుభవంపై వ్యంగ్యంగా హారిసన్ 1976లో "దిస్ సాంగ్" అనే పాటను వెలువరించాడు.

తరువాతి జీవితం

తూర్పు పాకిస్తాన్ శరణార్థుల దుస్థితిని రవిశంకర్ వివరించగా, హారిసన్ 1971 ఆగస్టు 1న న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో "బంగ్లాదేశ్ కచేరీ" ఏర్పాటు చేశాడు. ఆ రోజు జరిగిన రెండు ప్రదర్శనలకు సుమారు 40,000 మంది హాజరయ్యారు. కచేరీ వసూళ్ళు 2,43,418 డాలర్లు యునిసెఫ్‌కు అందాయి. ప్రముఖ రాక్ కళాకారులు సహాయార్థం నిర్వహించే భారీ కచేరీలకు ఇది మార్గదర్శకమైంది.

1973లో "లివింగ్ ఇన్ ద మెటీరియల్ వరల్డ్" ఆల్బమ్ వెలువడింది. 1974లో సొంత రికార్డు సంస్థ డార్క్ హార్స్‌ను స్థాపించి, రవిశంకర్ బృందంతో కలిసి అమెరికాలో పర్యటించాడు. గొంతు బొంగురుపోవడంతో ఆ పర్యటనకు విమర్శలు వచ్చాయి. 1966లో పెళ్ళాడిన ప్యాటీ బాయిడ్‌తో 1977లో విడాకులు పొంది, 1978లో ఒలీవియా ఆరియాస్‌ను వివాహమాడాడు. 1987లో "క్లౌడ్ నైన్" ఆల్బమ్‌తో తిరిగి విజయం సాధించాడు. 1988లో బాబ్ డిలన్, రాయ్ ఆర్బిసన్, టామ్ పెటీ, జెఫ్ లిన్‌లతో కలిసి ట్రావెలింగ్ విల్బరీస్ బృందాన్ని ఏర్పరచాడు.

మరణం

1990ల చివరలో హారిసన్‌కు గొంతు క్యాన్సరుకు చికిత్స జరిగింది. 1999 డిసెంబరు 30న ఫ్రయర్ పార్క్‌లో చొరబడిన ఒక ఆగంతకుని కత్తిపోట్లకు గురై, భార్య తెగువ వల్ల ప్రాణాలతో బయటపడ్డాడు. 2001 జనవరిలో "ఆల్ థింగ్స్ మస్ట్ పాస్"ను స్వీయ పర్యవేక్షణలో పునర్విడుదల చేశాడు. అదే సంవత్సరం నవంబరు 29న తన 58వ యేట లాస్ ఏంజెలెస్‌లో క్యాన్సరుతో మరణించాడు. 2002 జనవరిలో "మై స్వీట్ లార్డ్" బ్రిటన్‌లో మరల మొదటి స్థానానికి చేరింది. అసంపూర్ణంగా మిగిలిన పాటలను కుమారుడు ధని, జెఫ్ లిన్ పూర్తిచేసి 2002లో "బ్రెయిన్‌వాష్‌డ్" పేరుతో విడుదల చేశారు.

విశేషాలు

* కుమారునికి హారిసన్ పెట్టిన "ధని" అనే పేరు సప్తస్వరాలలోని ధ, ని అనే స్వరాల కలయిక.
* రవిశంకర్ స్వరపరచిన వేదమంత్రాలు, ప్రార్థనల ఆల్బమ్ "చాంట్స్ ఆఫ్ ఇండియా" (1997)కు హారిసన్ నిర్మాత. దీని రికార్డింగు కొంత మద్రాసులో, కొంత ఫ్రయర్ పార్క్‌లో జరిగింది.
* 2004లో హారిసన్ పేరు వ్యక్తిగతంగా రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరింది. బీటిల్స్ బృంద సభ్యుడిగా 1988లోనే ఈ గౌరవం లభించింది.
* "ఆల్ థింగ్స్ మస్ట్ పాస్" యాభై ఏళ్ళ ప్రత్యేక సంచిక 2021 ఆగస్టులో వెలువడింది. 1970 మే 26, 27 తేదీల నమూనా రికార్డింగులు ముప్పై కూడా అందులో చేరి శ్రోతలకు అందాయి.